చేరని వ్యాపారి లెక్క

వ్యాపార సంస్థలు కరెంటు పొదుపు పథకాల్లో ఎందుకు చేరడం లేదో కనుక్కుని రమ్మని మిమ్మల్ని పంపారు. మీరు ఎంబీఏ ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థి కావచ్చు, రాష్ట్ర ఇంధన పొదుపు సంస్థలో కొత్తగా చేరిన ఇంజనీరు కావచ్చు, ముందు తానే పెట్టుబడి పెట్టి తర్వాత మిగిలిన సొమ్ములో వాటా తీసుకునే ఎస్కో కంపెనీ ఉద్యోగి కావచ్చు. ఎవరైనా సరే, మొదటి వారం చేసే పని దాదాపు ఒకటే. ప్రశ్నపత్రం తయారుచేస్తారు. ఈ పథకం గురించి విన్నారా? కరెంటు పొదుపు ముఖ్యమని అనుకుంటున్నారా? చేరడానికి అడ్డంకులేమిటి? కింద నాలుగు గళ్లు. ఓనరు ఒక చెవిన ఫోను పెట్టుకునే టిక్కులు కొట్టి ఇచ్చేస్తాడు. అన్నీ కూడితే అవగాహన లోపం మొదటి కారణంగా, పెట్టుబడి కొరత రెండో కారణంగా తేలతాయి. అవగాహన సదస్సులు పెట్టాలన్న సిఫారసుతో నివేదిక ముగుస్తుంది. ఆ నివేదిక వల్ల ఒక్క కొత్త సంస్థయినా పథకంలో చేరుతుందా? చేరదేమోనని మీకూ అనుమానం ఉంటుంది. ఆ అనుమానాన్ని వదులుకోకండి, మీ పని అక్కడే మొదలవుతుంది.

నేను మిమ్మల్ని ఒప్పించాలనుకుంటున్నది ఒక్కటే. చేరని వ్యాపారి చాలాసార్లు తన లెక్క తాను వేసుకుని వద్దనుకున్న మనిషి. ఆ లెక్క ఆయన ఎక్కడా రాసిపెట్టుకోడు, మీ గళ్లలో అది పట్టదు. దాన్ని బయటికి తీసి, అంకెలతో సహా రాసి, ఎక్కడ సరిగ్గా ఉందో ఎక్కడ తప్పిందో చూపించడమే మీ పరిశోధన. ఇలా అనడానికి ఆధారం ఉంది. అమెరికాలో 1976 నుంచి విశ్వవిద్యాలయాల బృందాలు చిన్న, మధ్యతరహా ఫ్యాక్టరీలకు వెళ్లి ఉచితంగా ఇంధన ఆడిట్ చేస్తున్నాయి. ఏ యంత్రం మార్చాలి, ఎంత ఖర్చవుతుంది, ఏటా ఎంత మిగులుతుంది, అన్నీ రాసి చేతికిస్తాయి. ఆ రికార్డులను పరిశీలించి సోరెన్ ఆండర్సన్, రిచర్డ్ న్యూవెల్ 2004లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇచ్చిన సలహాల్లో అమలైనవి సగం మాత్రమే. ఏడాది రెండేళ్లలో పెట్టుబడి తిరిగొచ్చే పనులనే చాలా ఫ్యాక్టరీలు ఒప్పుకున్నాయి. ఏటా మిగిలే సొమ్ము కంటే ముందు పెట్టాల్సిన ఖర్చే వాళ్ల నిర్ణయాన్ని దాదాపు 40 శాతం ఎక్కువగా కదిలించింది. సమాచారం పూర్తిగా, ఉచితంగా, తమ ఫ్యాక్టరీకే సరిపోయేలా అందిన తర్వాత కూడా సగం పనులు ఆగిపోయాయంటే, ఆ సగానికి అవగాహన లోపం అని పేరు పెట్టగలమా?

అమెరికా సంగతి వేరు, మన దగ్గర నిజంగానే తెలియనివాళ్లు ఎక్కువ అని మీరు అనవచ్చు. తెలియనివాళ్లు ఉన్నారు, కాదనను. తెలియనిదే ఎవరూ చేరలేరు కాబట్టి ఆ మొదటి మెట్టు అవసరమే. కానీ తెలిసిన తర్వాత ఏమవుతుందో మన దేశంలోనే చూసినవాళ్లున్నారు. ఆర్థికవేత్త నికొలస్ ర్యాన్ గుజరాత్ ఫ్యాక్టరీల్లో క్షేత్ర ప్రయోగం చేశారు. కొన్ని ఫ్యాక్టరీలకు ఇంధన సలహా అందించి, అందని ఫ్యాక్టరీలతో పోల్చారు. సలహా అందిన ఫ్యాక్టరీల్లో ఆదా చెప్పుకోదగ్గంత కనబడలేదు. అవి యంత్రాలను ఎక్కువ గంటలు నడిపాయి, కరెంటు వాడకమూ తగ్గలేదు. అక్కడి యజమానులకు కావలసింది తక్కువ బిల్లు కాదని, ఎక్కువ పని అని దీన్నుంచి నేను అర్థం చేసుకుంటున్నాను. పొదుపు గురించి ఎన్ని సదస్సులు పెట్టినా ఈ సంగతి బయటపడదు.

ఇక అడుగులు చూద్దాం. అన్నింటికీ ఒకే బరువు లేదు. రెండోదానికీ మూడోదానికీ మీ సమయంలో సగం కేటాయించండి.

1. ఏ మెట్టు దగ్గర లెక్కపెడుతున్నారో ముందే రాసుకోండి. పథకం పేరు విన్నవాళ్లు, దరఖాస్తు చేసినవాళ్లు, ఆడిట్ చేయించుకున్నవాళ్లు, యంత్రం మార్చినవాళ్లు, ఏడాది తర్వాత కూడా దాన్ని సరిగ్గా నడుపుతున్నవాళ్లు. ఈ ఐదు రకాలవాళ్లనూ ఒకే గాటన కట్టి "పాల్గొన్నవాళ్లు ఇంత శాతం" అని రాయడం తరచుగా జరిగే పొరపాటు. అలాగే చట్టం చెప్పింది కాబట్టి చేసేవాళ్లను, తమంతట తాము చేరేవాళ్లను కలపకండి. 2001 ఇంధన పొదుపు చట్టం కింద నడిచిన పాట్ (పర్ఫార్మ్, అచీవ్, ట్రేడ్) పథకం మొదటి విడతలో, అంటే 2012 నుంచి 2015 వరకు, 478 పెద్ద కర్మాగారాలకు లక్ష్యాలు పెట్టారు. లక్ష్యం దాటితే అమ్ముకోగల సర్టిఫికెట్లు వచ్చాయి, అందుకోలేకపోతే కొనుక్కోవాల్సి వచ్చింది. వాళ్లు ఎందుకు చేరారన్న ప్రశ్నే లేదు. వరంగల్ రైసు మిల్లులు, భీమవరం ఐసు ఫ్యాక్టరీల సంగతి వేరు. బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ, అంటే బీఈఈ, చిన్న పరిశ్రమల కార్యక్రమంలో ఈ రెండు క్లస్టర్లనూ ఎంచుకుని ఆడిట్లు చేయించింది, పొదుపు మార్గాల పుస్తకాలు వేసింది. వాటిని అమలు చేయాలా వద్దా అన్నది ఓనరు ఇష్టం. మీ ప్రశ్నకు అర్థం ఉండేది ఇలాంటి చోటే.

2. అభిప్రాయంతో కాకుండా బిల్లుతో మొదలుపెట్టండి. "పన్నెండు నెలల కరెంటు బిల్లులు ఒకసారి చూడనిస్తారా?" ఇదే మీ మొదటి ప్రశ్న కావాలి. ఎందుకంటే పొదుపు పథకం చెప్పే ఆదా, బిల్లులో కనబడే ఆదా చాలాసార్లు ఒకటి కావు. హెచ్‌టీ, అంటే హై టెన్షన్ సర్వీసున్న ఒక ఆసుపత్రిని తీసుకోండి. తెలుగు రాష్ట్రాల టారిఫ్ పద్ధతిలో హెచ్‌టీ బిల్లుకు రెండు ముఖ్యమైన భాగాలుంటాయి: వాడిన యూనిట్లకు ఒకటి, కేవీఏలో లెక్కపెట్టే డిమాండుకు ఒకటి. డిమాండు చార్జీని నెలలో నమోదైన గరిష్ఠ డిమాండు మీద గానీ, ఒప్పందం చేసుకున్న గరిష్ఠ డిమాండు, అంటే సీఎండీలో 80 శాతం మీద గానీ, ఏది ఎక్కువైతే దాని మీద వేస్తారు. ఆ ఆసుపత్రి సీఎండీ 200 కేవీఏ అనుకోండి. పాత ఏసీలతో గరిష్ఠ డిమాండు 165 వచ్చేది. ఏసీలు, లైట్లు మార్చాక 135కి దిగింది. 30 కేవీఏ తగ్గింది కాబట్టి ఆ మేరకు డిమాండు చార్జీ కూడా తగ్గుతుందని ఆడిట్ నివేదిక రాసింది. కానీ 200లో 80 శాతం 160. అంటే బిల్లులో తగ్గింది 5 కేవీఏ మాత్రమే. యూనిట్లు తగ్గాయి నిజమే, చెప్పినంత సొమ్ము మాత్రం మిగల్లేదు. పక్క ఆసుపత్రి ఓనరుకు ఈయన "పెద్దగా తేడా ఏం లేదండీ" అని చెప్పాడంటే, అందులో అబద్ధం ఏముంది?

దీనికి మందు ఉంది, సీఎండీ తగ్గించమని డిస్కమ్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మరి ఎందుకు చేసుకోడు? రేపు పై అంతస్తులో ఇంకో వార్డు తెరిస్తే లోడు మళ్లీ పెంచుకోవాలి, అప్పుడు డెవలప్‌మెంట్ చార్జీలు కట్టాలి, మళ్లీ ఆఫీసు చుట్టూ తిరగాలి. చేతిలో ఉన్న లోడును వదులుకోవడం ఆయన దృష్టిలో ఆస్తిని వదులుకోవడంతో సమానం. మీ ప్రశ్నపత్రంలో ఇది "పెట్టుబడి కొరత" గడిలోనో "ఇతరములు" గడిలోనో పడిపోతుంది. బిల్లు ముందు పెట్టుకుని కూర్చుంటే పది నిమిషాల్లో తేలిపోతుంది. బిల్లు ఇవ్వడానికి ఇష్టపడకపోతే బలవంతపెట్టకండి. పేరు, సర్వీసు నంబరు ఎక్కడా రాయనని ముందే చెప్పండి, ఆ మాట నిలబెట్టుకోండి.

3. ఖర్చు ఎవరిది, లాభం ఎవరిది, కష్టం ఎవరిది, మూడూ విడివిడిగా రాయండి. ఓనరు సరేనంటే పని జరిగిపోతుందన్న ఊహ చాలా అధ్యయనాలను పాడుచేస్తుంది. అద్దె గదిలో బ్యూటీ పార్లరు నడిపే ఆవిడను తీసుకోండి. ఏసీ ఇంటి యజమానిది, బిల్లు ఆవిడది. మంచి ఏసీ కొంటే లాభపడేది ఆవిడ, కొనాల్సింది ఆయన. ఆయనకు అవసరం లేదు. ఆవిడే కొందామా అంటే పదకొండు నెలల అగ్రిమెంటు. మూడేళ్లకు తిరిగొచ్చే పెట్టుబడి పదకొండు నెలల అద్దెదారుకు ఎలా నప్పుతుంది? ఇక్కడ చేరకపోవడం పూర్తిగా తెలివైన నిర్ణయం. అద్దె ఒప్పందంలో ఒక నిబంధన మారితే తప్ప వడ్డీ రాయితీ ఎంతిచ్చినా ఆవిడ చేరదు.

పెద్ద బట్టల షోరూముకు వెళ్లండి. లైట్లు మార్చితే ఎంత మిగులుతుందో యజమానికి మీరు చెప్తారు. ఆయన మేనేజరు వైపు చూస్తాడు. మేనేజరు పట్టుచీరల కౌంటరు వైపు చూస్తాడు. ఆ లైటు కింద మెరూన్ రంగు గోధుమ రంగులా కనబడితే చీర మడత విప్పిన కస్టమరు లేచి వెళ్లిపోతుంది. నెల మొత్తం మీద మిగిలే కరెంటు కంటే ఒక్క పెళ్లి బేరం పోతే వచ్చే నష్టం ఎక్కువ. రంగులను ఉన్నవి ఉన్నట్టు చూపే ఎల్‌ఈడీలు ఉన్నాయి, వాటి ధర కొంచెం ఎక్కువ. పథకం జాబితాలో వాట్లు, ధర మాత్రమే ఉండి, రంగు నాణ్యత ప్రస్తావనే లేకపోతే ఆ షోరూము చేరకపోవడానికి కారణం పథకంలోనే ఉంది.

కష్టం ఎవరిదన్న మూడో ప్రశ్నను దాదాపు ఎవరూ అడగరు. పాకిస్థాన్‌లోని సియాల్‌కోట్ ఫుట్‌బాల్ తయారీకి పేరుపొందిన ఊరు. అక్కడ డేవిడ్ ఆట్కిన్, ఆయన సహచరులు కృత్రిమ తోలు వృథా తగ్గించే కొత్త కోత అచ్చును ఫ్యాక్టరీలకు ఉచితంగా ఇచ్చారు. లాభం ఖాయం, ఖర్చు లేదు, అయినా తీసుకున్నవాళ్లు చాలా తక్కువ. కోత పనివాళ్లకు కూలి ముక్కల లెక్కన వస్తుంది. కొత్త అచ్చు మొదట్లో చేతి వేగాన్ని తగ్గిస్తుంది. సరుకు మిగిలితే లాభం ఓనరుది, కూలి తగ్గితే నష్టం పనివాడిది. అందుకే అది పనికిరాదని వాళ్లు ఓనరుకు చెప్పారు. దాదాపు ఒక నెల కూలికి సమానమైన ప్రోత్సాహకం పనివాళ్లకు ఇచ్చి, అచ్చు పనితనాన్ని ఓనరు ముందు చూపించమన్నప్పుడు తీసుకున్న ఫ్యాక్టరీలు పెరిగాయి. 2017లో అచ్చయిన ఈ అధ్యయనం కరెంటు గురించి కాదు. అయినా మీరు బాయిలరు దగ్గర నిలబడిన మనిషినీ, ఏసీలు చూసే ఎలక్ట్రీషియన్‌నూ కలవకుండా తిరిగి రాకూడదని చెప్పడానికి ఇంతకంటే గట్టి ఆధారం నాకు తెలియదు. కొత్త యంత్రం వస్తే మీ పని తగ్గుతుందా, పెరుగుతుందా? పాడైతే మాట పడేదెవరు? ఈ రెండూ వాళ్లను ఓనరు లేనప్పుడు అడగండి.

4. నిర్ణయం జరిగే రోజును పట్టుకోండి. రైసు మిల్లులో మోటారు మార్చాలా అని మామూలు రోజున అడిగితే "చూద్దాం" అంటారు. అసలు నిర్ణయం మోటారు కాలిన రోజున జరుగుతుంది. లారీ నిండా ధాన్యం దిగి ఉంటుంది, హమాలీలు కూర్చుని ఉంటారు. ఆ గంటలో మాట చెల్లేది వైండింగ్ షాపు మేస్త్రీది. రేపు పొద్దునకి చుట్టి ఇస్తానంటాడు, ఇస్తాడు. మళ్లీ మళ్లీ చుట్టిన మోటారు కరెంటు ఎక్కువ తినవచ్చని ఓనరుకు తెలియకపోదు. కొత్త మోటారు ఎప్పటికి వస్తుందో తెలియకపోవడమే ఆయన బాధ. అందుకే మీ సర్వే జాబితాలో వైండింగ్ షాపులు ఉండాలి. వాళ్ల పుస్తకాల్లో ఏ మిల్లు మోటారు ఎన్నిసార్లు వచ్చిందో దొరుకుతుంది. భీమవరం ఐసు ఫ్యాక్టరీకి కూడా చెరువుల్లో పట్టుబడి జోరుగా ఉన్నప్పుడు వెళ్లి కంప్రెసరు ఆపి కొలతలు తీస్తామంటే ఎవరూ ఒప్పుకోరు. దాన్ని నిరాసక్తత అని రాసుకోకండి.

5. సొమ్ము లేదంటే, ఏ సొమ్ము లేదో అడగండి. 2025 జులైలో పానిపట్‌లో ప్రారంభమైన బీఈఈ పథకం, పొదుపు యంత్రాల కోసం తీసుకునే అప్పు మీద సూక్ష్మ, చిన్న సంస్థలకు 5 శాతం, మధ్యతరహా సంస్థలకు 3 శాతం వడ్డీ రాయితీ ఇస్తోంది. బ్యాంకు అప్పుతో నడిచే సంస్థకు ఇది నిజమైన మేలు. సరుకు ఇచ్చినవాళ్ల దగ్గర గడువు తీసుకుని, చేబదుళ్లతో తిప్పుకునే సంస్థకు బ్యాంకు వడ్డీ తగ్గినా ఒరిగేది తక్కువ. ఆస్తి తాకట్టు ఇప్పటికే వాడేసుకున్నవాడికి కొత్త అప్పే పుట్టదు. ఈ ముగ్గురూ మీ కాగితంలో ఒకే టిక్కు పెడతారు.

ఎల్‌ఈడీ బల్బులు అందరూ కొన్నారు కదా, అక్కడ ప్రచారం పనిచేయలేదా అని అడుగుతారేమో. ప్రచారం పనిచేసింది, కాదనను. కానీ దాని పక్కన ఇంకేం జరిగిందో చూడండి. ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్ఎల్ టోకున కొనడంతో, 2014లో 310 రూపాయలున్న కొనుగోలు ధర కొద్ది సంవత్సరాల్లోనే 40 రూపాయల లోపుకు దిగింది. బల్బు పాత హోల్డరులోనే పడుతుంది. దుకాణం ఆపక్కర్లేదు, ఆడిట్ అక్కర్లేదు, ఇంటి యజమానిని అడగక్కర్లేదు. ఇప్పటివరకు చెప్పుకున్న అడ్డంకుల్లో ఒక్కటీ అక్కడ లేదు. మీరు పరిశీలిస్తున్న పథకాన్ని ఈ బల్బు పక్కన పెట్టి చూస్తే ఎక్కడెక్కడ బరువెక్కిందో తెలుస్తుంది.

6. చేరినవాళ్లను మాత్రమే అడిగి తిరిగి రాకండి. వాళ్ల జాబితా ఆఫీసులో సిద్ధంగా దొరుకుతుంది, మాట్లాడటానికి ఉత్సాహంగా ఉంటారు, అందుకే ఈ తప్పు సులువుగా జరుగుతుంది. చేరినవాళ్లలో కొందరు పథకం లేకపోయినా ఆ యంత్రం కొనేవాళ్లే. వాళ్ల ఆదాను పథకం ఖాతాలో రాస్తే లెక్క చెడిపోతుంది. కాబట్టి చేరిన ప్రతి సంస్థకూ అదే వీధిలో, అదే వ్యాపారంలో, ఇంచుమించు అంతే బిల్లు వచ్చే చేరని సంస్థను జతగా ఎంచుకోండి. ఇద్దరినీ ఒకే ప్రశ్నలు అడగండి, అవి జరిగిన పనుల గురించే ఉండాలి. గత మూడేళ్లలో ఏ యంత్రం కొన్నారు? ఎవరు చెబితే కొన్నారు? ఏ కొటేషన్ తీసుకుని పక్కన పెట్టారు? అది ఉందా, చూపిస్తారా? పక్కన పెట్టిన కొటేషన్‌లో మీకు కావలసినదంతా ఉంటుంది: ధర, తేదీ, యంత్రం పేరు, కొన్నిసార్లు అంచున పెన్సిలుతో వేసిన లెక్క.

ఇంత లోతుగా వెళితే ఇరవై సంస్థలకు మించి చూడలేం, ఇరవైతో శాస్త్రం ఎలా అవుతుంది అని మీ గైడు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జిల్లాలో ఎంత శాతం మంది ఎందుకు చేరలేదో ఇరవైతో చెప్పలేం, చెప్పకూడదు కూడా. కానీ ఏ ప్రశ్నలు అడగాలో తెలియకుండా రెండు వేల మందిని అడిగితే రెండు వేల టిక్కులు వస్తాయి, అంతే. ముందు ఇరవై సంస్థల్లో పని ఎక్కడెక్కడ ఆగిపోతోందో పట్టుకోండి. తర్వాత ఆ చోట్లనే ప్రశ్నలుగా మార్చి పెద్ద సర్వే చేయండి. సొంత భవనమా అద్దెదా, సీఎండీలో ఎంత శాతం వాడుతున్నారు, చివరిసారి మోటారు కాలినప్పుడు ఎన్ని గంటల్లో పని మొదలైంది వంటి ప్రశ్నలకు అంకెల్లో జవాబు వస్తుంది, పోల్చడానికి పనికొస్తుంది.

ఇంకో అభ్యంతరం దీనికంటే గట్టిది. ప్రతి వ్యాపారి లెక్కా సరైనదే అయితే ఇక పథకాలెందుకు? ప్రతి లెక్కా సరైనదని నేను అనడం లేదు. 7.5 కిలోవాట్లు లాగే మోటారు రోజుకు పది గంటలు, ఏడాదికి 300 రోజులు నడిస్తే 22,500 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే ఏడాదికి 1,80,000 రూపాయలు. ఆ మోటారు కొన్న ధర ఇందులో చిన్న వంతు. ధరలో ఐదారు వేలు బేరమాడి తక్కువ రకం కొన్నవాడు నిజంగానే నష్టపోతున్నాడు, ఇక్కడ సమాచారం పనిచేస్తుంది. అయితే పార్లరు ఆవిడకూ ఈయనకూ ఒకే సదస్సు పెడితే ఆవిడకు ఉపయోగం లేదు, ఈయన ఆవేళ రాడు. ఎవరి లెక్క తప్పిందో, ఎవరి లెక్క సరైనదై ఉండి పరిస్థితి అడ్డొస్తోందో వేరుచేయడం మీవల్లే అవుతుంది. మొదటివాళ్లకు లెక్క చూపించాలి, రెండోవాళ్లకు పథకం నిబంధన మారాలి. మూడో రకం కూడా ఉంటారు. ఏడాదిలో నాలుగు నెలలే నడిచే చిన్న యూనిట్‌లో పాత యంత్రాన్ని మార్చడం ఎలా లెక్కవేసినా గిట్టదు. వాళ్లను లక్ష్యాల జాబితాలోంచి తీసేయమని ధైర్యంగా రాయండి. అధికారులకు అది నచ్చకపోవచ్చు, కానీ వాళ్ల వెంట తిరిగే సిబ్బంది సమయం మిగులుతుంది.

7. రాసిన లెక్కను ఓనరుకు తిరిగి చూపించండి. ఒక్కో సంస్థకు ఒక్క పేజీ చాలు: బిల్లు, పెట్టాల్సిన ఖర్చు, మిగిలేది, తిరిగొచ్చే కాలం, ఆయన వద్దన్న కారణం మీ మాటల్లో. దాన్ని తెలుగులో రాసి తీసుకెళ్లి "ఇందులో ఏది తప్పు?" అని అడగండి. మొదటిసారి చెప్పని సంగతులు ఇప్పుడు చెబుతారు. కొడుకు ఈ వ్యాపారంలోకి రాడని, రెండేళ్లలో అమ్మేద్దామనుకుంటున్నామని, పోయినసారి సబ్సిడీ డబ్బు రావడానికి చాలా కాలం పట్టిందని. ఒక్కో సంగతికీ మీ పేజీలో ఒక అంకె మారుతుంది. మార్చిన పేజీనే నివేదికకు జతచేయండి, పాత పేజీని పారేయకుండా దాని వెనకే పెట్టండి.